కాలందని బండి

మా అక్క గేర్ల బండి కొనుక్కుంటానని చెప్పినప్పుడు అమ్మ పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టె తడుతూ ఉంది. తడుతున్న చెయ్యి ఆగిపోయింది. నాయన కంచంలోంచి తలెత్తాడు.

"స్కూటీనా మ్మా?" అన్నాడు.

"స్కూటీ కాదు నాయనా, గేర్ల బండే. మన దోవలో స్కూటీ చక్రాలు నిలబడవు, గులకరాళ్ల మీద జారతాది. పెట్రోలు గూడా శానా తాగుతాది."

"ఆడపిల్ల గేర్ల బండి నడిపేది మన ఊర్లో ఎవురైనా సూసినారా?" అంది అమ్మ.

"నువ్వు సూస్తావులే మ్మా," అంది అక్క. రొట్టె తుంచుకొని మళ్లీ తినసాగింది.

మా అక్క పేరు కృపారాణి. నాకంటే అయిదేళ్లు పెద్దది. ఓర్వకల్లు దగ్గర ఒక పైపుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. మా ఊరు రాళ్లగుట్టల వెనక ఉంటుంది. ఊరి నుంచి పెద్ద రోడ్డుకు అయిదు కిలోమీటర్లు, అదంతా గులకరాళ్ల దారి. ఫ్యాక్టరీ వ్యాను పొద్దున అయిదూముక్కాలుకు రోడ్డు మీదికి వస్తుంది. ఊళ్లోంచి ఆటోలు ఏడు దాటితే గాని కదలవు. అందుకని రెండేళ్లుగా నాయన రోజూ తెల్లారకముందే లేచి టార్చిలైటు పట్టుకొని అక్కను రోడ్డుదాకా నడిపించుకొని పోయి, వ్యాను ఎక్కించి తిరిగి వచ్చేవాడు. వచ్చి గంజి తాగి ఉపాధి పనికి పరుగెత్తేవాడు.

ఆ ఎండాకాలంలో ఫ్యాక్టరీ వాళ్లు ఒక మాట చెప్పారు. జూన్ నెలాఖరుకు కొందరిని పర్మనెంటు చేస్తారట. పొద్దున షిఫ్టూ మధ్యాహ్నం షిఫ్టూ రెండూ చేయగలిగినవాళ్లకు, నాగాలు లేకుండా వచ్చేవాళ్లకు ముందు అవకాశం. మధ్యాహ్నం షిఫ్టు రాత్రి పదింటికి వదులుతారు. ఆ వేళప్పుడు రోడ్డు మీద దిగితే ఊరికి రావడానికి ఏమీ ఉండదు. సొంత బండి ఉంటే ఆ బాధ లేదు. అక్క లెక్క అంతే, చాలా తేటగా ఉండేది.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. డిగ్రీ మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు పోయి ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం దాకా పడుకునేవాణ్ణి. ఇంట్లోకి బండి వస్తుందని విన్న ఆ నిమిషంలోనే, అది ఎవరు ఎవరి కోసం కొంటున్నారో నేను మరిచిపోయాను. అక్క ఇంకా రొట్టె తింటూనే ఉంది. నేను మనసులో దాన్ని కర్నూలు రోడ్ల మీద తిప్పుతున్నాను.

* * *

ఓబుళేశన్న అని ఓర్వకల్లులో రోడ్డు పక్కన మెకానిక్కు ఉండేవాడు, నాయనకు బాగా తెలిసినవాడు. నేర్చుకునేవాళ్ల కోసం ఆయన దగ్గర పాత బండి ఒకటి ఉండేది. ఆదివారం చర్చిలో, మా మాటలో గుడిలో, ఆరాధన అయ్యాక అక్కనూ నన్నూ దాని మీద పరిశ్రమల స్థలంలోకి తీసుకుపోయేవాడు. తారురోడ్లు వేసి, కరెంటు స్తంభాలు నాటి, కంపెనీలు రాక వదిలేసిన నేల అది. కనుచూపు మేర ఎవరూ ఉండరు. ఎండ మాత్రం ఉంటుంది.

మొదటి రోజు అక్క క్లచ్ వదిలిన ప్రతిసారీ ఇంజను ఆగిపోయింది. నేను నవ్వాను. నా స్నేహితుల బండ్ల మీద నాకు ముందే కొంత వచ్చు. నా వంతు రాగానే గేర్లు పైకి వేసుకుంటూ రోడ్డు చివరి దాకా ఉరికించుకొని పోయి వచ్చాను. ఓబుళేశన్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"దిగు," అన్నాడు.

"ఏమన్నా? బాగనే నడిపినా గదా?"

"ఉరికించేదానికి ఏముంది అప్పా, పెట్రోలు పోస్తే ఉరుకుతాది. నిలబెట్టేది సూపీ నాకు. మనిషి పడేది నిలబడ్డప్పుడే." తర్వాత అక్క వైపు తిరిగి చెప్పాడు. "ఏం పాపా, నువ్వు బండి కొనేటప్పుడు రంగు సూడాకు, పేరు సూడాకు. ఎక్కి కూసో. రెండు కాళ్లూ మడమలతో సహా నేలకు ఆనల్ల. ఆనకపోతే దిగి వచ్చేయ్. బరువు తక్కువుండల్ల. నూరు సీసీ సాలు నీకు. లీటరుకు అరవై ఇస్తాది, చెడిపోయినా యాడైనా సామాను దొరుకుతాది."

మూడో ఆదివారానికి అక్క ఆ పాత బండిని ఇసుకలో కూడా పడకుండా మలుపు తిప్పగలిగింది. నెమ్మదిగా పోయేది. అద్దం చూసుకొని చెయ్యి చూపించి తిరిగేది. ఆ ఖాళీ నేలలో ఎవరికి చెయ్యి చూపిస్తున్నావని నేను వెక్కిరిస్తే, "అలవాటు కావల్ల గదరా," అనేది.

నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, ఎల్లెల్లార్ కోసం ఇద్దరం కర్నూలు పోయాము. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రోడ్డు గుర్తుల మీద ప్రశ్నలు అడుగుతారు. అక్క పాసైంది. నేను ఫెయిలయ్యాను. బయటికి వచ్చి నేను గోడకు ఆనుకొని నిలబడితే, అక్క చెరుకు రసం ఇప్పించింది. గుర్తుల పుస్తకం నా చేతిలో పెట్టి, "వచ్చే వారం మళ్లీ రాయొచ్చంట," అంది. ఇంటికొచ్చాక నాయన అడిగాడు. నేను నోరు తెరిచేలోగానే అక్క, "వాని వంతు వచ్చేసరికి నెట్టు పోయింది నాయనా. వాన్ని మళ్లా రమ్మన్నారు," అని చెప్పింది.

ఆ మాటకు నేను సంతోషించాలి. నాకు ఒళ్లు మండింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. అక్క నన్ను కాపాడిన ప్రతిసారీ నేను ఒక మెట్టు కిందికి దిగినట్టు ఉండేది. ఆ వారమంతా ఆమెతో సరిగా మాట్లాడలేదు. రెండోసారి పాసయ్యాను.

* * *

బండ్లు వెతికే పని అక్క నాకే అప్పజెప్పింది. ఫోనులో అమ్మకానికి పెట్టిన పాత బండ్లన్నీ చూసి, రెండు ఎంచాము. అక్క దాచుకున్నది నలభై వేలు. అంతకు మించితే లేదు.

మొదటిది నందికొట్కూరులో ఉంది. అమ్మేవాడి పేరు వీరేంద్ర. నా కంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో. ఎర్ర బండి, నూటయాభై సీసీ, ట్యాంకు రెండు పక్కలా ఎద్దు భుజాల్లాగా ఉబ్బి ఉంది. అతను స్టార్టు చేసి రెండుసార్లు రేజ్ చేశాడు. ఆ చప్పుడు నా పొట్టలో దూరింది.

"ఏం తమ్ముడూ, నీకేనా?" అన్నాడు నన్ను చూసి.

"నాకు," అంది అక్క.

అతను నవ్వి, లోపల ఎవరినో పిలిచి అక్కకు నీళ్లు తెమ్మన్నాడు. అక్క చైను చూసింది, టైర్లు వేలితో నొక్కి చూసింది, ఇన్సూరెన్సు ఎంతవరకు ఉందని అడిగింది. ప్రతి ప్రశ్నకూ అతను నా ముఖం చూసి జవాబు చెప్పాడు. నాకది చాలా బాగుంది.

నేను బండి తీసుకొని ఊరి బయటిదాకా పోయి వచ్చాను. ఏమి చెప్పను. అప్పటిదాకా నన్నెవరూ పట్టించుకోలేదు, చదువులో గాని, పనిలో గాని. ఆ పది నిమిషాలు రోడ్డు పక్కన నిలబడ్డ ప్రతివాడూ తల తిప్పి చూశాడు.

తిరిగి వచ్చాక అక్క ఎక్కి కూర్చుంది. అక్క పొట్టి. ఎడమ కాలి వేళ్ల కొసలు మాత్రం నేలకు తగిలాయి, కుడి కాలు గాలిలోనే ఉంది. బండి ఒక పక్కకు ఒరగబోతే నేను పట్టుకున్నాను.

"ఎత్తుగా ఉందిరా."

"మడమల చెప్పులు ఏసుకో."

"ఏసుకుంటే గేరు యాడ తగిలించేది?" అని నవ్వి దిగింది. ధర కూడా నలభై అయిదు చెప్పాడు. "వద్దులే పా," అంది.

రెండోది కల్లూరులో. కొత్త మేడల మధ్య ఇంకా మిగిలి ఉన్న పాత వీధి అది. ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. పరమేష్ అని, నేతపని చేసే మనిషి, యాభై దాటి ఉంటాయి. నల్ల బండి, నూరు సీసీ. దాని మీద పాత చీర కప్పి ఉంచాడు. పదకొండేళ్లు ఆ బండి మీదే చీరల మూటలు కర్నూలు అంగళ్లకు వేశాడట. ఇప్పుడు కళ్లు సరిగా కనిపించక మానుకున్నాడు.

"ఎవురు నడిపేది?" అని అడిగాడు.

"నేనే అన్నా," అంది అక్క.

ఆయన నవ్వలేదు. చీర తీసి మడతపెట్టి పక్కన పెట్టాడు. "ఎక్కి కూసో మ్మా, సూద్దాం. నేనూ పొట్టోన్నే. సీటు స్పాంజి కోయించి తగ్గించినా."

అక్క ఎక్కింది. రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనాయి. ఆమె వాటి వైపే చూసుకుంది. తర్వాత కిక్కు కొట్టి వీధి చివరిదాకా పోయి, ఎదురొచ్చిన ఆటోకు దారి ఇచ్చి, తిరిగి వచ్చి, ఎక్కడ తీసిందో అక్కడే నిలబెట్టింది.

"వెనక బ్రేకు ఒకింత లూజు," అన్నాడు పరమేష్. "మెకానిక్కుతో బిగించుకో. నేను చెప్పకపోతే నీకు తెలీదు, పడతావు. ముప్పయ్యారు ఇయ్యి."

అక్క బేరమాడలేదు. వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చి, శనివారం వచ్చి తీసుకుపోతామంది. "ఇంగెవురు అడిగినా ఇయ్యను పో," అన్నాడాయన, బండి మీద మళ్లీ చీర కప్పుతూ.

బస్సులో నేను, "ముసలోల్ల బండి," అన్నాను.

"మంచి ముసలోడు," అంది అక్క. చాలా సంతోషంగా ఉంది. "నువ్వు గూడా నడుపుదువులేరా, నాకు సెలవున్నప్పుడు."

ఆమె ప్రేమగానే అంది. 'నాకు సెలవున్నప్పుడు' అన్న మాట మాత్రం చెవిలో మిగిలిపోయింది.

శుక్రవారం వీరేంద్ర ఫోన్ చేశాడు. కొత్త బండికి డబ్బు కట్టాలట, ముప్పై తొమ్మిదికే ఇచ్చేస్తానన్నాడు. "రేపు వస్తే నీది తమ్ముడూ, ల్యాకుంటే ఇంకొకడు తీసకపోతాడు." ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

* * *

శనివారం అక్కకు సెలవు దొరకలేదు. లోడు ఎక్కువ ఉంది, అందరూ రావాలన్నారట. తెల్లవారుజామున పోయే ముందు మిగిలిన డబ్బంతా కవరులో పెట్టి నాయనకు ఇచ్చింది. నన్ను లేపి, "పరమేషన్న ఇంటికాడ ఆర్సీ, ఇన్సూరెన్సు రెండూ తీసుకో. సంతకాలు సూసుకో. నాయనకు సదవను రాదు గదా, నువ్వే సూడల్ల," అంది. నేను పడుకునే తల ఊపాను.

నాయనా నేనూ ఎనిమిదింటికి కర్నూలు బస్టాండులో దిగాము. కల్లూరు ఆటోలు బయట నిలబడి ఉంటాయి. నందికొట్కూరు బస్సు లోపల, మూడో ప్లాట్‌ఫారం మీద ఉంది. నాయన టీ తాగుదామన్నాడు. ఆయన టీ చెప్పి వచ్చేలోగా నేను ఫోను తీసి చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు.

"ఆఁ అక్కా... సరే అక్కా... అట్లనే," అన్నాను, నాయనకు వినబడేలా.

"ఎవుర్రా?"

"అక్క. ఆ నల్లది వద్దంట నాయనా. నందికొట్కూరులో ఎర్రది ముప్పై తొమ్మిదికే ఇస్తానన్నాడంట, అదే తెమ్మంటాంది."

నాయన టీ గ్లాసు పట్టుకొని నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. బస్టాండులో మైకు ఏదో ఊరి పేరు చెబుతోంది.

"కాలు అందలేదంటివి గదా మొన్న?"

"అలవాటవుతాదంట."

"అడ్వాన్సు ఇచ్చినారు గదా ఆడ?"

"పోతే పోనీ అంటాంది."

నాయన మిగిలిన టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, పై గుడ్డతో మూతి తుడుచుకున్నాడు. "సరే, పోదాం పా," అన్నాడు.

అంత సులభంగా అయిపోతుందని నేను అనుకోలేదు. నందికొట్కూరులో వీరేంద్ర కాగితాలు ముందు పెట్టి, "ఎవురి పేరు మీద పెద్దాయనా?" అని అడిగితే, "పిల్లోని పేరు మీదే రాయప్పా. ఆ పిల్లకు పెండ్లయితే ఊరు మారుతాది, ఇంటిపేరు మారుతాది," అన్నాడు నాయన. ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. ఆయనే అన్నాడు.

నాయనను వెనక కూర్చోబెట్టుకొని వచ్చాను. ఆయన రెండు చేతులూ నా భుజాల మీద వేశాడు. నాకు తెలివి వచ్చాక నాయన నన్ను అట్లా పట్టుకోవడం అదే మొదలు. "మెల్లగా పోరా, మెల్లగా," అంటూనే ఉన్నాడు, కాని గొంతులో భయం లేదు. ఓర్వకల్లు వచ్చాక ఇద్దరికీ దాహం లేకపోయినా టీ అంగడి ముందు ఆపమన్నాడు. తెలిసినవాళ్లందరూ చూసేదాకా అక్కడ నిలబడ్డాడు.

* * *

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మ అప్పటికే పాస్టరు అయ్యగారిని పిలుచుకొచ్చింది. ఆయన బండి హ్యాండిలు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, ఈ వాహనం నడిపే బిడ్డను కాపాడమని. అమ్మ బంతిపూల దండ వేసింది. ఇరుగుపొరుగు వాళ్లు చేరారు.

అక్క తలమీద చున్నీ కప్పుకొని ఎండలో నడిచి వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది. గుంపును చూసి నడక కొంచెం వేగం చేసింది. బండి కనిపించాక ఆగింది.

"రా మ్మా," అన్నాడు నాయన. "నువ్వు చెప్పిన బండే తెచ్చినాం."

"నేను చెప్పిందా?"

"ఫోన్ చేసి చెప్తివంట గదా, ఎర్రదే తెమ్మని?"

అక్క నా వైపు చూసింది. నేను చొక్కా కొసతో బండి అద్దం తుడుస్తున్నాను. తుడిచిందే మళ్లీ మళ్లీ తుడిచాను. అందులో నా గడ్డం, వెనక ఆకాశం కనిపిస్తున్నాయి. అక్క ఒక్క మాట అంటే చాలు. అయ్యగారి ముందు, ఊరి ముందు, అమ్మానాయనల ముందు నేను దొరికిపోతాను. ఆ ఒక్క మాట కోసం వీపు బిగించుకొని నిలబడ్డాను.

"అవు నాయనా," అంది అక్క. "నేనే చెప్పినా."

తర్వాత అందరూ ఎక్కమంటే ఎక్కింది. ఎడమ కాలి వేళ్ల కొసలు నేలకు తగిలాయి. "బాగుండాది," అంది. దిగింది. అమ్మ బెల్లం పంచింది.

నీళ్ల తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటుంటే నేను వెనక పోయి నిలబడ్డాను. ఏదో చెప్పాలనే పోయాను. ఆమె తిరగకుండానే అంది:

"పరమేషన్న ఫోన్ చేసినాడు. పొద్దన్నే బండి కడిగి పెట్టుకోని కూసున్నాడంట. రాలేదేమి మ్మా అని అడిగినాడు."

అంతే. ముఖం తుడుచుకొని లోపలికి పోయింది. ఆ తర్వాత ఈ రోజుదాకా ఆ సంగతి నాతో ఎత్తలేదు.

* * *

అయినా అక్క ఆ బండి నేర్చుకోవాలనే చూసింది. సోమవారం మధ్యాహ్నం పని నుంచి వచ్చి తానే తీసింది. గుట్ట మలుపు దగ్గర ఎదురుగా మేకల మంద వచ్చింది. ఆపింది. కాలు పెట్టబోతే కింద నేల లేదు, గుంత ఉంది. అంత బరువు బండి ఆమె మీద పడింది. మణికట్టు బెణికింది, మోకాలు చీరుకుపోయింది. బండి ట్యాంకుకు సొట్ట పడింది. ఆ సొట్టను చూసి నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

"గేర్ల బండి ఏంటికని ఆ పొద్దే మొత్తుకుంటి," అని అమ్మ పసుపు పెడుతూ ఏడ్చింది. అక్క కట్టుతోనే మర్నాడు పనికి పోయింది.

ఇక ఆమెను రోడ్డుదాకా దింపేది, తెచ్చేది నేనని ఒప్పందమైంది. నాయన టార్చిలైటు మూలన పడింది. ఒక పది రోజులు సక్రమంగా చేశాను. తర్వాత రెండుసార్లు నిద్ర లేవలేదు, అక్క వ్యాను తప్పిపోయింది. మూడోసారి అసలు నేను ఊళ్లోనే లేను. ముందురోజు స్నేహితులతో క్రికెట్ పందెం చూడటానికి నందికొట్కూరు పోయి అక్కడే ఉండిపోయాను. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. పొద్దున అక్కా నాయనా కలిసి రోడ్డుకు పరుగెత్తారట. వాళ్లు మలుపు తిరిగేసరికి వ్యాను వెనక ఎర్రలైట్లు కనిపించాయట. ఇది అమ్మ చెప్పింది. అక్క చెప్పలేదు.

జూన్ నెలాఖరుకు గేటు దగ్గర కాగితం అంటించారు. పద్దెనిమిది పేర్లు. అక్కది లేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తిని, గిన్నెలు తోమి, "నా పేరు రాలేదు," అంది. నేను బండి తీసుకొని బయటికి పోయాను. ఎక్కడికి పోయానో గుర్తు లేదు.

జూలైలో అక్క పని మానేసింది. కర్నూలులో ఒక బట్టల అంగట్లో కుదిరింది. జీతం ఫ్యాక్టరీ కంటే తక్కువ, పొద్దుగూకేదాకా నిలబడాలి. కల్లూరులో ఆడపిల్లల హాస్టల్లో చేరింది. పోయే రోజు పెట్టె నేను బండి మీద కట్టబోతే, "ఆటో చెప్పినా," అంది. ఆటో వచ్చేదాకా గడప దగ్గర నిలబడి అమ్మతో మాట్లాడింది. నాతోనూ మాట్లాడింది, మంచినీళ్ల గురించి, కరెంటు బిల్లు గురించి. కోపంగా ఉంటే బాగుండేది.

* * *

వానలు పడి కంది మొలిచాక, ఒక ఆదివారం గుడికి వచ్చింది. ఆరాధన అయ్యాక బయట నీడలో అందరూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. అయ్యగారు అడిగాడు:

"ఏం కృపమ్మా, ఫ్యాక్టరీ మానుకున్నావంట గదా? పర్మనెంటు అవుతాదంటిరే?"

అక్క జవాబు చెప్పకముందే నాయన అందుకున్నాడు.

"దాని మొండితనమయ్యా. నేను నల్లబండి తెద్దామనే పోతిని. ఎర్రదే కావల్లని ఫోన్ చేసి మరీ చెప్పె. కాలు అందని బండి. నడపల్యాక పడె. ఉజ్జోగం పోగొట్టుకొనె. మనం ఏం జేస్తాం సెప్పు?"

అక్కడున్నవాళ్లు జాలిగా నవ్వారు. ఎవరో ఆడమనిషి, "ఈ కాలం పిల్లోల్లు చెప్తే ఇనరు," అంది. నేను నాయన పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో నిలబడి ఉన్నాను.

"అవునయ్యా, నాదే పొరపాటు," అంది అక్క అయ్యగారితో. నవ్వుతూనే అంది. నా వైపు చూడలేదు. చూస్తే నేను ఏమి చేసి ఉండేవాణ్ణో నాకు తెలియదు. చూడలేదు కాబట్టి ఏమీ చేయలేదు.

మధ్యాహ్నం తిని, రెండింటి ఆటోకు వెళ్లిపోయింది. నాయన చేను చూడటానికి పోతే నేనూ వెంట పోయాను. ఆయన సాళ్ల మధ్య కూర్చొని కలుపు పెరుకుతున్నాడు. నేను గట్టు మీద నిలబడి, రెండు నెలలుగా అనుకుంటున్న మాట చెప్పాను.

"నాయనా, ఆ పొద్దు అక్క ఫోన్ చేయలేదు. నేనే అబద్ధం చెప్పినా."

నాయన చెయ్యి ఆగలేదు. ఇంకో మొక్క పెరికి, వేళ్ల మట్టి దులిపాడు.

"తెల్సు లేరా."

నాకు అర్థం కాలేదు.

"పొద్దన్నే గేటు కాడనే ఫోన్లు తీసి పెట్టుకుంటారు, రెండు గంటలదాంక ఇయ్యరు. రెండేండ్లు ఆ పిల్లను వ్యాను ఎక్కిచ్చినోన్ని. నాకు తెల్దా?"

"మరి ఏంటికి కొన్నావు?"

ఆయన కలుపు ఒక చోట కుప్ప వేశాడు.

"ఆ పొద్దు నీ ముఖం సూస్తి. సదువు పోయి, పొద్దుమానం పండుకోని ఉంటివి. బండి ఉంటే ఏదో ఒక పని జేసుకుంటాడు, మనిషి అవుతాడు అనుకొంటి. అది ఎట్లైనా సంబాళించుకుంటాది, దానికి తెలివుండాది అనుకొంటి."

"మరి గుడికాడ అట్ల ఏంటికి చెప్పినావు? అందరి ముందర?"

నాయన తలెత్తి నన్ను చూశాడు. ఎండకు కళ్లు చికిలించాడో, మరేమో.

"ఏదో ఒకటి చెప్పల్ల గదరా," అన్నాడు. మళ్లీ వంగాడు. వంగినవాడు, నేలను చూస్తూనే అన్నాడు: "దానికి మాత్రం చెప్పాకు."

చెప్పలేదు. రెండేళ్లయింది. అక్క ఆ రోజు ఆ నింద తన మీద వేసుకుంది, నన్ను కాపాడటానికో, కొడుకు తనను మోసం చేశాడని తెలిస్తే నాయన తట్టుకోలేడనో. రెండోదే అయి ఉంటుందని నా నమ్మకం. నాయనకు అంతా ముందే తెలుసని నేను నోరు విప్పితే ఆమెకు మా ఇంట్లో ఆ నాయన కూడా మిగలడు.

నెలకోసారి వస్తుంది. నాయన మోకాళ్లకు కర్నూలు నుంచి నూనె తెస్తుంది. ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, పంచె పైకి మడిచి, తానే కింద కూర్చొని రాస్తుంది. "ఈడనా నాయనా? ఇంకొంచెం పైకా?" అని అడుగుతుంది. నాయన కళ్లు మూసుకొని కాళ్లు చాపుతాడు. "పాప చెయ్యి తగిలితే సగం నొప్పి పోతాది," అంటాడు అమ్మతో.

నేను ఆ పక్కన ఉండలేను. బండి తీసుకొని బయటికి పోతాను.